మలేరియా మాత్ర: మేలెంత, కీడెంత?

మన సంఘం సంచికలో ప్రతి ఏడూ యుద్ధాల గురించి, పతకాల గురించి చదువుతుంటాం. చదవాల్సిందే. ఈసారి నేను మాత్రం ఒక మాత్ర గురించి రాస్తున్నాను. తూర్పు సరిహద్దుల్లో పనిచేసిన ప్రతివాడూ ఆ మాత్ర మింగినవాడే, లేదా మింగినట్టు నటించినవాడే. నేను ఇంటర్ బై.పి.సి. పాసై 1988లో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా భర్తీ అయ్యాను. లక్నోలో ట్రైనింగ్, ఆ తర్వాత 28 ఏళ్ళ సర్వీసు, 2016లో సుబేదారుగా పెన్షన్. నేను డాక్టర్ని కాను. డాక్టరు రాసిన మందుని జవాను నోట్లో వేయించినవాణ్ణి. ఆ అనుభవంతో, చదువుకున్న కొద్దిపాటి చరిత్రతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1996లో నేను నాయక్ ర్యాంకులో అస్సాంలో ఒక ఇన్‌ఫాంట్రీ పల్టన్ ఎం.ఐ.రూంలో ఉన్నాను. వారానికి ఒకరోజు క్లోరోక్విన్ పరేడ్. కంపెనీ మొత్తం ఫాలిన్ అయితే ఒక్కొక్కడికి రెండేసి గోలీలు ఇచ్చి, నీళ్ళు తాగించి, నోరు తెరిపించి చూసి, రిజిస్టర్లో టిక్కు పెట్టడం నా డ్యూటీ. ఆ గోలీలు మింగితే మగతనం తగ్గుతుందని లంగర్లో, బ్యారక్‌లో ఒక పుకారు ఉండేది. నాకు తెలుసు. విని నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఆ ఏడాదే ఆ పల్టన్‌లో రెండు సంఘటనలు జరిగాయి. మొదటిది, కొత్తగా పెళ్ళయిన ఒక జవాను. గోలీ నాలుక కింద పెట్టుకుని బయటికెళ్ళి ఉమ్మేసేవాడు. పది రోజుల పెట్రోలింగ్ నుంచి తిరిగొచ్చాక జ్వరం, మూడో రోజుకి ఫిట్స్, స్పృహ లేదు. మెదడుకెక్కిన మలేరియా. హెలికాప్టర్లో పంపించాం, హాస్పిటల్లో క్వినైన్ డ్రిప్ పెట్టారు. దక్కలేదు. అతని ట్రంకు పెట్టె సర్దుతుంటే సాక్సుల్లో కట్టిన పొట్లంలో పదకొండు గోలీలు దొరికాయి.

రెండోది మన తెలుగు కుర్రాడు, శ్రీకాకుళం జిల్లా. నన్ను అన్నా అని పిలిచేవాడు. అతనిది వైవాక్స్ మలేరియా. జ్వరం తగ్గాక మళ్ళీ తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ రాశారు. ఆర్.ఎం.ఓ. సాబ్ నాతో, "మూత్రం రంగు మారితే వెంటనే ఆపి నాకు చెప్పమను" అన్నారు. నేను ఆ మాట కుర్రాడికి చెప్పలేదు. చెబితే భయపడి మందు మానేస్తాడని నా లెక్క. నాలుగో రోజు వచ్చాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. మూత్రం చాయ్ డికాక్షన్ లాగా వస్తోందన్నాడు. ఎప్పటి నుంచిరా అంటే రెండో రోజు నుంచి అన్నాడు.

"మందు రంగు అనుకున్నానన్నా. ముందే చెప్పుంటే ఆ రోజే వచ్చేవాణ్ణి కదా."

హాస్పిటల్లో రెండు సీసాల రక్తం ఎక్కించారు. బతికాడు. నెల తర్వాత డ్యూటీకి వచ్చాడు. నా మీద ఎవరూ చర్య తీసుకోలేదు, ఎందుకంటే చెప్పలేదన్న సంగతి నాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. ఈ రోజు మీ అందరికీ తెలుస్తోంది.

మందుకు పోయినవాడు మాసికానికి వచ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. కాని మందు మానేసినవాడు కూడా మాసికానికే వెళ్ళాడు కదా. మరి ఏది నిజం? ఈ ప్రశ్న పట్టుకునే నేను మలేరియా మందుల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివితే తెలిసిందేమిటంటే, ఈ చరిత్రలో సగానికి పైగా సైన్యాల చరిత్రే.

మొదట మన సికింద్రాబాద్. ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపు కోసి, దాని గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి హుసేన్ ఖాన్ అనే మనిషి. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున అతనికి రాస్ డబ్బులిచ్చాడు. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. అణాలు తీసుకుని చేయి చాపిన హుసేన్ ఖాన్ పేరు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు? ఈ కథలో ఇలాంటి హుసేన్ ఖాన్‌లు ఇంకా వస్తారు.

అప్పటికి మందు ఒక్కటే, క్వినైన్. సింకోనా చెట్టు బెరడు నుంచి తీస్తారు. 1860ల నుంచి నీలగిరుల్లో, డార్జిలింగ్ కొండల్లో ఆ చెట్లు పెంచారు. 1890ల్లో బెంగాల్లో పోస్టాఫీసుల్లో క్వినైన్ పొట్లాలు అమ్మేవారు. చలిజ్వరం తగ్గేది, నిజమే. కాని పరమ చేదు, చెవుల్లో హోరు, వాంతులు, ఒక్కోసారి వినికిడి తగ్గడం. మలేరియా ప్రాంతాల్లో క్వినైన్ ఒకరోజు వేసుకుని నాలుగు రోజులు మానేసే కొందరికి నల్లమూత్ర జ్వరం వచ్చేది. రక్తకణాలు పగిలిపోయి మూత్రం నల్లగా రావడం. చాలామంది చనిపోయేవారు. అంటే మూత్రం రంగు అనే హెచ్చరిక మలేరియా వైద్యానికి నూరేళ్ళకు పైబడిన పాత పాఠం. నేను దాన్ని మింగేశాను.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1942లో జపాన్ జావా దీవిని పట్టుకుంది. ప్రపంచంలో వాడే క్వినైన్‌లో చాలా భాగం అక్కడి తోటలదే. ఒక్క దెబ్బకి మిత్రరాజ్యాల సైన్యాలకు మందు లేకుండా పోయింది. అదే సమయంలో బర్మా సరిహద్దులో మన సైన్యం జ్వరాలతో కూలిపోతోంది. పద్నాలుగో సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ తన పుస్తకంలో లెక్క చెప్పాడు. 1943లో గాయాలతో హాస్పిటల్ చేరిన ఒక్కొక్క మనిషికీ 120 మంది జబ్బులతో చేరారు. ఒక్క మలేరియా రేటే ఏడాదికి మొత్తం బలగంలో 84 శాతం. ఆ సైన్యంలో ఎక్కువ మంది భారతీయులే. మద్రాసు రెజిమెంటు జవాన్లూ ఆ యుద్ధరంగంలో ఉన్నారు. మన కోస్తా జిల్లాల్లో తాతలు బర్మా లడాయి అంటే తుపాకీ కంటే ముందు జ్వరం గురించే చెప్పేవారు.

క్వినైన్ బదులు దొరికింది మెపాక్రిన్, పచ్చ గోలీ. జర్మన్లు 1930ల మొదట్లో తయారుచేసిన మందు. రోజూ మింగితే ఒళ్ళంతా పసుపు పూసినట్టు పచ్చబడేది. కడుపులో తిప్పేది. వెంటనే పుకారు పుట్టింది, ఇది మగతనాన్ని చంపుతుందని. అవును, అదే పుకారు! 1996లో నా బ్యారక్‌లో విన్నది యాభై ఏళ్ళ ముందు బర్మా అడవుల్లో పుట్టి ఉంది. గోలీ మారింది గాని పుకారు మారలేదు.

స్లిమ్ ఏం చేశాడు? ముందు చెప్పకుండా ఏదో ఒక యూనిట్‌కి వెళ్ళి ప్రతి జవానుకీ పరీక్ష చేయించేవాడు. మందు మింగినట్టు తేలినవాళ్ళు 95 శాతం కంటే తగ్గితే ఆ కమాండింగ్ ఆఫీసర్ని పదవి నుంచి తీసేసేవాడు. ముగ్గుర్ని తీసేశాక నాలుగో వాణ్ణి తీయాల్సిన అవసరం రాలేదని రాసుకున్నాడు. జబ్బుల రేటు పడిపోయింది. దోమతెరలు, పొడుగు చేతుల చొక్కాలు, ముందుకు జరిపిన వైద్య కేంద్రాలు కూడా అందులో పాలు పంచుకున్నాయి. అయినా పచ్చ గోలీ లేకుండా 1945 విజయం కష్టమయ్యేదన్నది నిజం.

మరి ఆ గోలీకి కీడు లేదా? ఉంది. కొందరికి మొండి చర్మవ్యాధి వచ్చింది. కొద్దిమందికి మతి తప్పింది, మందు ఆపాక చాలామందికి కుదిరింది. చాలా అరుదుగా ఎముకల మూలుగ దెబ్బతిని ప్రాణాలు పోయాయి. మగతనం మాట అబద్ధం, మిగతావి నిజం. ఒక పళ్ళెంలో వందకి 84, ఇంకో పళ్ళెంలో అరుదైన మరణాలు. తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. కాని ఇక్కడ ఒక్క మాట గమనించాలి. అరుదు అన్నది లెక్కకి అరుదు. ఆ ఒక్కడి ఇంటికి అది నూటికి నూరు.

మందు పనిచేయడం లేదా, మనుషులు మింగడం లేదా అన్న అనుమానం తీర్చింది ఆస్ట్రేలియా సైన్యం. బ్రిగేడియర్ ఫెయిర్లీ ఆధ్వర్యంలో 1943 నుంచి కెయిర్న్స్ పట్టణంలో సైనిక వాలంటీర్లను మలేరియా దోమలతో కుట్టించి, మెపాక్రిన్ రోజూ ఇచ్చి, కొండలెక్కించి, అలసటకి గురిచేసి చూశారు. తప్పకుండా మింగినవాళ్ళకి జ్వరం రాలేదు. ఆ లెక్క చేతిలో ఉంది కాబట్టే కమాండర్లు అంత గట్టిగా హుకుం ఇవ్వగలిగారు. ఆ వాలంటీర్లూ హుసేన్ ఖాన్‌లే.

కీడును ఎక్కువగా ఊహించుకున్నా నష్టమే. ఇదే క్లోరోక్విన్‌ను జర్మనీలోని బేయర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హాన్స్ ఆండర్‌సాగ్ 1934లోనే తయారుచేశాడు. ఇది మనిషికి విషం అని కొద్దిపాటి పరీక్షలతో తేల్చి పక్కన పెట్టేశారు. యుద్ధకాలంలో అమెరికన్లు మళ్ళీ పరీక్షించి చూస్తే మెపాక్రిన్ కంటే ఇదే మెరుగని తేలింది. తొందరపడి వేసిన ఒక తప్పు లెక్క వల్ల పదేళ్ళు పోయాయి. లక్షల మంది సైనికులు పచ్చ గోలీ మింగాల్సి వచ్చింది.

ఇక ప్రైమాక్విన్, మా కుర్రాడి మందు. 1950–53 కొరియా యుద్ధం నుంచి ఇంటికెళ్ళిన అమెరికా సైనికులకు నెలల తర్వాత మళ్ళీ మలేరియా వచ్చేది. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుని ఉంటుంది. దాన్ని చంపేది ప్రైమాక్విన్ జాతి మందులే. తిరుగు ప్రయాణం ఓడల్లోనే ఆ మాత్ర ఇవ్వడం మొదలుపెట్టారు. మేలు జరిగింది. కాని కొందరికి, ముఖ్యంగా ఆఫ్రికా సంతతి సైనికుల్లో కొందరికి, రక్తకణాలు పగిలిపోయేవి. ఎందుకో ఇలినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైల్లో ఖైదీల మీద చేసిన పరిశోధనలో 1956లో తేలింది. వాళ్ళ ఎర్ర రక్తకణాల్లో జి6పిడి అనే ఎంజైము తక్కువ. ఆ లోపం తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. మామూలు రోజుల్లో చాలామందికి ఏమీ తెలియదు, ఇలాంటి మందు పడ్డప్పుడు బయటపడుతుంది. మన దేశంలోనూ ఉంది, కొన్ని గిరిజన తెగల్లో ఎక్కువగా కనిపిస్తుంది. జైల్లో ఉన్నవాడు ఇచ్చే ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలేనా అని ఆ తర్వాత పెద్ద చర్చే నడిచింది. నడవాల్సిందే. ఆ ఖైదీల రక్తం వల్ల దొరికిన జ్ఞానమే నలభై ఏళ్ళ తర్వాత మా ఆర్.ఎం.ఓ. సాబ్ నోట ఒక్క వాక్యంగా వచ్చింది. అంత ఖరీదైన వాక్యాన్ని నేను చెప్పకుండా దాచాను.

మేలు పళ్ళెం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1973లో మన దేశంలో మొదటిసారి క్లోరోక్విన్‌కి లొంగని ఫాల్సిపేరం మలేరియా కనిపించింది అస్సాంలోని కార్బీ ఆంగ్లాంగ్‌లోనే. అందుకే గోలీలు దాచుకున్న ఆ జవాను అవి మింగి ఉంటే తప్పకుండా బతికేవాడని నేను ఈ రోజు ప్రమాణం చేసి చెప్పలేను. బతికే అవకాశం ఉండేది. ఆ అవకాశాన్ని అతని చేతిలోంచి లాక్కున్నది ఒక పుకారు.

తర్వాత వచ్చిన మెఫ్లోక్విన్ అమెరికా సైనిక పరిశోధన సంస్థలో తయారైంది. వారానికి ఒక్క గోలీ, సైన్యానికి సౌకర్యం. కాని కొందరికి తల తిరుగుడు, పీడకలలు, మానసిక ఇబ్బందులు, ఒక్కోసారి అవి పోకుండా ఉండిపోవడం. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ మందు మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. మరోవైపు వియత్నాం యుద్ధంలో సైనికుల కోసం చైనా 1967లో మొదలుపెట్టిన పరిశోధన నుంచి ఆర్టెమిసినిన్ దొరికింది. దానికి తూ యూయూ అనే ఆవిడకు 2015లో నోబెల్ వచ్చింది.

క్వినైన్ మంచిదా, ఈ కొత్త ఆర్టెసునేట్ ఇంజెక్షన్ మంచిదా అని మాటలతో కాకుండా లెక్కతో తేల్చారు. బంగ్లాదేశ్, ఇండియా, ఇండోనేషియా, మయన్మార్లలో తీవ్ర మలేరియా రోగులు 1461 మందికి చీటీ వేసినట్టుగా ఇదో అదో మందు ఇచ్చారు. మన దేశంలో రూర్కెలా ఆ పరీక్షలో ఉంది. 2005లో ఫలితం వచ్చింది. క్వినైన్ తీసుకున్నవాళ్ళలో వందకి 22 మంది చనిపోతే ఆర్టెసునేట్ తీసుకున్నవాళ్ళలో 15 మంది. వందకి ఏడుగురు! నూరేళ్ళకు పైగా ప్రాణదాత అనుకున్న క్వినైన్‌ని ఆ ఏడుగురి లెక్క పక్కకి జరిపింది. మా జవానుకి 1996లో పెట్టింది క్వినైన్ డ్రిప్పే. అప్పటికి మా చేతిలో ఉన్నది అదే. ఆ ఏడుగురిలో అతను ఉండేవాడేమో అనిపిస్తుంది అప్పుడప్పుడు.

ఈ చరిత్ర అంతా చదివాక నాకు బోధపడింది ఒక్కటే. మేలూ కీడూ రెండూ లేని మందు లేదు. రెండింటినీ లెక్కపెట్టాలి, ఆ లెక్కని మింగేవాడికి చెప్పాలి. స్లిమ్ హుకుం అవసరమే. పరేడ్ లేకపోతే సగం మంది మింగరు. కాని హుకుం నోటిని తెరిపిస్తుంది గాని నమ్మకాన్ని తెప్పించదు. నా పల్టన్‌లో ఇద్దరూ దెబ్బతిన్నది ఒకే కారణం వల్ల. లేని కీడు గురించి పుకారు తిరుగుతుంటే నేను నోరు మెదపలేదు, ఒకడు పోయాడు. ఉన్న కీడు గురించి నాకు తెలిసీ నోరు మెదపలేదు, ఇంకొకడు చావు దాకా వెళ్ళాడు. మా ఎం.ఐ.రూంలో మందులకి కొరత లేదు. నా నోట మాటకే కొరత వచ్చింది.

ఆ తర్వాత నా సర్వీసంతా పరేడ్‌లో గోలీ ఇచ్చే ముందు రెండు నిమిషాలు మాట్లాడేవాణ్ణి. ఈ గోలీ దేనికి, మింగకపోతే ఏమవుతుంది, మింగితే కొందరికి ఏమవ్వొచ్చు, మగతనం మాట ఎందుకు అబద్ధం. ప్రైమాక్విన్ తీసుకునేవాడికి విడిగా చెప్పేవాణ్ణి, "ప్రతి పొద్దున్నా మూత్రం రంగు చూసుకో, నల్లబడితే గోలీ ఆపి అర్ధరాత్రయినా నన్ను లేపు" అని. భయపడి మందు మానేస్తారనుకున్న నా పాత లెక్క తప్పయింది. ఒక్కడు కూడా మానలేదు. ఇద్దరు మాత్రం రెండో రోజే వచ్చి నన్ను లేపారు. ఇద్దరికీ రక్తం ఎక్కించాల్సిన అవసరం పడలేదు.

ఇప్పుడు మనలో చాలామందిమి ఈ.సి.హెచ్.ఎస్. క్యూలో సంచీ పట్టుకుని నిలబడే వయసుకొచ్చాం. బీపీకి ఒకటి, షుగర్‌కి రెండు, గుండెకి ఒకటి. పక్కవాడు చెప్పాడని మానేయకండి, పక్కవాడు చెప్పాడని మొదలుపెట్టకండి. డాక్టర్ని నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది వేసుకోకపోతే నాకు ఏమవుతుంది? వేసుకుంటే వందలో ఎంతమందికి మేలు? కీడు ఏమిటి, వస్తే మొదట ఎలా తెలుస్తుంది? నా ఒంట్లో దీనికి సరిపడనిది ఏదైనా ఉందా? ఇలా అడిగితే డాక్టరుకి అమర్యాద చేసినట్టు కాదు. యుద్ధానికి వెళ్ళే ముందు మ్యాప్ చూడమని మనకు నేర్పారు కదా, ఇదీ అంతే.

ఆ శ్రీకాకుళం కుర్రాడు హవల్దారుగా రిటైరయ్యాడు. సంక్రాంతికి తప్పకుండా ఫోన్ చేస్తాడు. జి6పిడి లోపం అని రాసిన కాగితం లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకుని తిరుగుతాడు. కిందటేడు వాళ్ళమ్మాయికి కొడుకు పుట్టాడు. తండ్రికి ఈ లోపం ఉంటే కూతురు దాన్ని మోస్తుందని, కూతురి కొడుక్కి రావొచ్చని నేను ఎప్పుడో చెప్పాను. గుర్తుపెట్టుకుని పసివాడికి పరీక్ష చేయించాడు.

"వాడికీ ఉందన్నా. భయమేం లేదు, ముందే తెలిసింది కదా. అమ్మాయికి అన్నీ చెప్పాను," అన్నాడు.

ఆ మాట 1996లో నేను అతనికి చెప్పాల్సింది. అతను వాళ్ళమ్మాయికి చెప్పాడు.

జై హింద్.